కోడలు పలకని పేరు

మా మీద దావా వేసిన మనిషే ఆ పొద్దున మాకు టీ పోసింది.

టీ నీళ్ళు కాగే సమోవారు పక్కన ఒద్దికగా కూర్చుని, తలరుమాలు నుదుటి దాకా లాక్కుని, పిడి లేని టీ గిన్నె, పియాలాలో సగం కంటే తక్కువ పోసి, రెండు చేతులతో ముందు మా ఆయనకు అందించింది. మా వైపు పియాలా నిండా పోశారంటే తాగి బయల్దేరమని అర్థం. కొంచెమే పోస్తే, కూర్చోండి, మళ్ళీ పోస్తాను అని మర్యాద. ఇవాళైనా నిండుతుందేమోనని నేను ఆ పియాలాకేసే చూస్తున్నాను. నిండలేదు.

శత్రువు శత్రువులా ఉంటే బేరం సులువు. అతను అరుస్తాడు, మనం అరుస్తాం, మధ్యలో ఎక్కడో ధర తెగుతుంది. మర్యాద తప్పని శత్రువుతో బేరం ఎక్కడ మొదలుపెట్టాలో మా ఉన్ని దుకాణం ఉన్న కొచ్కోర్ బజారు నాకు నేర్పలేదు.

ఊరి పెద్దల సభ పంపిన కాగితం చక్కెర గిన్నె కింద అలాగే ఉంది. వచ్చినప్పటి నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. బేగిమాయ్ బల్లగుడ్డ దులిపినప్పుడు కూడా గిన్నెతో సహా ఎత్తి, దులిపి, మళ్ళీ గిన్నెతో సహా పెట్టేది. కాగితంలో ఉన్నది ఒక్క మాటే. ఈ ఇంటి కోడలు బేగిమాయ్, ఈ ఇంటివాళ్ళ దుకాణంలో చేసిన పనికి జీతం ఇప్పించమంటోంది.

"రొట్టె తీసుకోండి, అతా," అంది ఆయనతో. మాలో కోడలికి మామగారు అతా, అత్తగారు ఎనే. ఆయన రొట్టె తుంచుకున్నాడు, మీగడ అద్దుకున్నాడు. మా ఆయన జీవితమంతా గొర్రెల వెంట కొండల్లో తిరిగిన మనిషి. గొర్రెలతో ఎంత మాట్లాడాలో మనుషులతోనూ అంతే మాట్లాడతాడు.

మాట్లాడాల్సినవాడు నా కొడుకు మిర్లాన్. వాడు జామ్ గిన్నెలో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. వాన్ ఇంజిన్‌లో ఏదో చప్పుడొస్తోంది, చూసుకోవాలి అన్నాడు. పెళ్ళామూ తల్లీ సభకెళ్తుంటే నీకు ఇంజిన్ చప్పుడు వినిపిస్తోందా అని అడిగాను.

"నన్ను మధ్యలో పెట్టకమ్మా," అన్నాడు.

"మధ్యలో నేను పెట్టానా? పెళ్ళి చేసుకుని నీ అంతట నువ్వే వచ్చి కూర్చున్నావు."

బేగిమాయ్ తల దించుకుంది. నవ్వు దాచుకోవడానికో, మరెందుకో నాకు తెలియలేదు. ఆ పిల్ల మా ఇంటికొచ్చి ఇది నాలుగో శీతాకాలం. ఆమె ముఖం చదవడం నాకింకా రాలేదు. కొనేవాడి ముఖం మాత్రం వీధి చివరి నుంచే చదువుతాను.

ఇదంతా మొదలైంది ఒక జత కమ్మలతో.

ఎండాకాలం చివర్లో ఒక పెద్ద తివాచీ అమ్మాను. మేం చేసేది షిర్దాక్, ఒత్తిన ఉన్ని తివాచీ. బేగిమాయ్ కోసి, కుట్టి, అంచు తాడు వేసింది. నేను దాన్ని దుకాణం ముందు ఆరేసి, కొనడానికొచ్చినవాడు మొదట చెప్పిన ధరకు పక్కవాళ్ళు వినేట్టు నవ్వి, రెండో ధరకు టీ ఇచ్చి, మూడో ధరకు ఒప్పుకున్నాను. అంత ధర మా వరసలో ఎవరికీ పలకలేదు. ఆ డబ్బులోంచే కోడలికి వెండి కమ్మలు కొన్నాను. నా చేత్తో చెవులకు పెట్టాను. ఊరంతా చూసింది. చూడాలనే పెట్టాను.

చలి మొదలవగానే ఆ కమ్మలు కనబడలేదు. పై ఊళ్ళో ఒంటరిగా ఉండే వాళ్ళమ్మకు బొగ్గు లేదట. అంతకుముందే నన్నడిగింది. దూడల్ని అమ్మాక చూద్దామన్నాను. చలి దూడల కోసం ఆగదు కదా. కమ్మలు అమ్మేసి వాళ్ళమ్మకు బొగ్గు పంపింది. నా ఇంటి సొమ్ము నన్నడక్కుండా ఎలా అమ్మావని నేను నిలదీశాను. అప్పుడు అంది ఆ మాట. గొంతు పెంచలేదు, తల ఎత్తలేదు.

"ఎనే, మీరిచ్చింది కానుకైతే అది నాది. జీతమైతే ఇంకా నాది. రెండూ కాకపోతే అదేమిటో మీరే చెప్పండి."

కోపమొచ్చింది, అరిచాను. బజారులో ఇన్నేళ్ళలో నాకు జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే.

తర్వాతి బజారు రోజున రాజధాని నుంచి ఒక న్యాయవాది పిల్ల వచ్చి కూరగాయల వరస చివర గుడారం వేసి కూర్చుంది. ఎవరేమడిగినా ఉచితం. ఉచితమన్నాక మావాళ్ళు ఆగుతారా? బూటు అట్ట ఊడిపోయినవాడు బూటుతో వచ్చాడు. తూకంలో బొగ్గు తక్కువొచ్చిందని ఒకడు బస్తాతోనే వచ్చాడు. ఇల్లు కట్టించుకుని తాపీవాళ్ళకు కూలి ఎగ్గొట్టినవాడూ, కూలి రాని తాపీవాడూ ఒకే వరసలో ముందూ వెనకా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. తొడిగి తిరిగిన ఉన్ని చెప్పుల్ని జనం వెనక్కి తెస్తే తీసుకోవాలా అని అడిగాను. లోపం మీదైతే తీసుకోవాలి, అరుగుదల వాళ్ళదైతే అక్కర్లేదు అంది. మంచి జవాబే, ఊరికే వచ్చింది కూడా. సంతోషంగా పక్కకి తిరిగి చూస్తే నా వెనక వరసలో బేగిమాయ్ నిలబడి ఉంది. నాకు టీ తెచ్చిందేమో అనుకున్నాను.

చేతుల్లో టీ లేదు. ఇంట్లోవాళ్ళ దుకాణంలో చేసిన పని పనేనా కాదా అని అడగడానికి నిలబడింది. ఆ న్యాయవాది పిల్ల, నువ్వడక్కపోతే ఎప్పటికీ కాదు, అడిగితే తేలుతుంది, ముందు మీ ఊరి పెద్దల్ని అడుగు అని చెప్పిందట.

అదీ సంగతి.

మేం బయల్దేరేసరికి పెద్ద వదిన వచ్చింది. ఆయనకు అక్క. పేరు నేను రాయను. అత్తింటి పెద్దల పేర్లు మా నోట రావు, చేతి రాతలోనూ రావు. ఆమె గుమ్మంలోనే నిలబడి బేగిమాయ్‌ని పైనుంచి కిందికి చూసింది.

"టీకెంత, రొట్టెకెంత? అదీ చెప్పమ్మా, లెక్కగా ఇచ్చేసి తాగుతాను."

బేగిమాయ్ పియాలా కడిగి, కొంచెం పోసి, రెండు చేతులతో అందించింది. వదిన తీసుకుంది. తాగింది కూడా. మళ్ళీ పోయించుకుంది.

సభ ఊరి కార్యాలయం హాల్లో. స్టవ్ రాజేశారు కానీ గోడలింకా చల్లగా ఉన్నాయి. పొడుగు బల్ల వెనక నలుగురు పెద్దలు, మధ్యలో జుమాగాజీ పెద్దాయన. ఊళ్ళో పొలం గట్టు తగాదా నుంచి మొగుడూ పెళ్ళాల తగాదా దాకా ఆయన ముందుకే వస్తుంది. ఒక మూల సమోవారు, బల్ల మీద గుడ్డలో చుట్టిన రొట్టె. రాయడానికి కార్యాలయం అమ్మాయి ఒకర్తి. గోడల వెంట బెంచీల మీద మా వీధి ఆడవాళ్ళందరూ ఉన్నారు. చెప్పులు అరిగిపోయినా బాగుచేయించుకోవడానికి కదలనివాళ్ళు, ఎదుటింటి తగాదా అంటే మంచు తొక్కుకుంటూ వచ్చేస్తారు. నేనైనా వస్తాను.

పెద్దాయన రొట్టె విరిచి, చేతులు చాచి దీవెన చదివాడు. దీవెన ముగిశాక అలవాటుగా అందరం అరచేతులతో ముఖాలు తడుముకున్నాం. తర్వాత బేగిమాయ్‌ని లేచి తన మాట చెప్పుకోమన్నాడు.

ఆమె లేచి, మిర్లాన్ భుజం మీద మోసుకొచ్చిన చుట్ట విప్పి సిమెంటు నేల మీద పరిచింది.

నేను అమ్మిన తివాచీకి అది జంట. మా పని అలాంటిది. ఎరుపు ఉన్ని పలక, నలుపు ఉన్ని పలక ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే కత్తితో కోస్తారు. ఎరుపులోంచి తెగిన పొట్టేలు కొమ్ము బొమ్మ నలుపులో కూర్చుంటుంది, నలుపులోంచి తెగింది ఎరుపులో కూర్చుంటుంది. ఒక కోతకు రెండు తివాచీలు, ముక్క కూడా వృథా కాదు. జంటలో ఒకటి అమ్మాను. ఇది ఇంట్లో పెట్టెలో చుట్టి ఉండింది. దీనికి ధర పెరుగుతుందని దాచాను.

దాన్ని నేను దీపం కింద చూశాను, పెట్టెలో చూశాను, ముడిచి చూశాను. పూర్తిగా పరిచి, దూరంగా నిలబడి ఎప్పుడూ చూడలేదు. బజారులో అంత చోటెక్కడిది? ఆ బూడిద రంగు నేల మీద అది విచ్చుకుంటుంటే హాల్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కొమ్ముల్లోంచి కొమ్ములు పుట్టి అంచుదాకా పాకాయి. ఏది బొమ్మ, ఏది నేల అన్నది కంటికి తేలలేదు. ఎరుపు చూస్తే నలుపు వెనక్కి వెళ్ళింది, నలుపు చూస్తే ఎరుపు వెనక్కి వెళ్ళింది. దీన్ని నాలుగేళ్ళు నా వంటింట్లో పాత్రలు తోమిన చేతులే చేశాయి. నాకు ధర తట్టలేదు. ధర తట్టకపోయేసరికి నాకు భయమేసింది.

జుమాగాజీ పెద్దాయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తివాచీ తొక్కకుండా అంచునే నడిచి చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

"చేసింది నువ్వేనని ఎవరూ కాదనడం లేదు కదా?" అని అడిగాడు.

ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు.

"సరే. జీతం ఎవరు ఇవ్వాలంటున్నావు?"

"మా ఇంటి పెద్ద," అంది బేగిమాయ్.

రాసే అమ్మాయి కలం ఆపింది. పేరు కావాలంది. ఇంటి పెద్ద అంటే ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒకడుంటాడు, దావా కాగితంలో అలాగే రాశారు, అది చెల్లదు అంది. పెద్దాయన తలాడించాడు. దుకాణం లైసెన్సు ఎవరి పేరు మీదుందో మాకు తెలుసు, కానీ మేం చెప్పకూడదు, దావా వేసినవాళ్ళు తమ నోటితో చెప్పాలి అన్నాడు. అది న్యాయమే. ఆయన మోసం చేయలేదు. అయినా ఆ ప్రశ్నతో ఏమవుతుందో ఆయనకూ తెలుసు, మాకందరికీ తెలుసు.

మామగారి పేరు కోడలు పలకదు. ఆయన ఎదుట పలకదు, ఆయన లేనప్పుడు పలకదు, చచ్చాక కూడా పలకదు. మా భాషలో ఇనుము అనే మాట ఆయన పేరులో ఉంది. అందుకని మా ఇంట్లో ఆడవాళ్ళకు ఇనుము ఇనుము కాదు, 'ఆ గట్టిది'. బేగిమాయ్ మా ఇంట్లో అడుగుపెట్టిన మర్నాటి నుంచే గట్టిది అంటోంది. ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

బెంచీల మీద ఆడవాళ్ళు ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలకేసి చూశారు. వాళ్ళలో తన మామగారి పేరు పలికినది ఒక్కతీ లేదు.

నేను లెక్క వేశాను. అలవాటు, వెయ్యకుండా ఉండలేను. పేరు పలికిందా, ఊరు పోతుంది. రేపు ఈ ఆడవాళ్ళెవరూ ఆమె చేతి టీ తాగరు. పలకలేదా, దావా పోతుంది. ఎటు తిరిగినా లాభం నాదే. అలాంటి బేరం బజారులో తగిలి ఉంటే ఆ రోజు త్వరగా దుకాణం కట్టేసి మాంసం కొనుక్కుని ఇంటికెళ్ళేదాన్ని. ఇక్కడ మాత్రం బెంచీ అంచుకు జరిగి కూర్చున్నాను.

"చెప్పమ్మా," అంది వదిన బెంచీ మీంచి. "జీతమడిగిన నోటికి పేరొక్కటే బరువైందా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మిర్లాన్ గోడకేసి తిరిగి నిలబడ్డాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

బేగిమాయ్ తివాచీ అంచున నిలబడి ఉంది. చూపు కొమ్ముల మీదే ఉంది.

"పలకను," అంది.

పెద్దాయన ముందుకు వంగాడు.

"అతా నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన ముందు నేనెప్పుడూ తల ఎత్తలేదు, ఇవాళా ఎత్తను. మర్యాద నేనివ్వాల్సింది. ఇస్తాను. జీతం నాకు రావాల్సింది. అడుగుతాను. ఒకటి మానేస్తేనే రెండోది వస్తుందంటే, ఆ లెక్క నాకు రాదు, తాతా."

అంతే అంది. కూర్చోలేదు.

పెద్దాయన మిగతా ముగ్గురితో గుసగుసగా మాట్లాడాడు. పేరు లేకుండా రాయడానికి దారి లేదన్నాడు. కావాలంటే దావా వెనక్కి తీసుకోవచ్చు, ఇంట్లోనే మంచిగా మాట్లాడుకోండి, అత్తగారికి నేను చెప్తాను అన్నాడు. మంచి మాటలే. ఆ మంచి మాటలకు ఎప్పుడూ ఏమవుతుందో హాల్లో ప్రతి ఆడదానికీ తెలుసు.

బేగిమాయ్ అప్పటికీ కూర్చోలేదు. వెళ్ళనూ లేదు. తల వంచుకుని, చేతులు ముందు కట్టుకుని, మా ఇంట్లో పెద్దలు భోజనం చేస్తున్నప్పుడు గుమ్మం దగ్గర ఎలా నిలబడుతుందో అలాగే నిలబడింది. అంత వంగిన మనిషి అంత కదలకుండా ఉండడం నేను చూడలేదు. సమోవారు పాట ఆగిపోయింది. స్టవ్‌లో బొగ్గు కూలిన చప్పుడు వినిపించింది. బెంచీల మీద ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలలెత్తి ఆమెకేసి చూడసాగారు. మా పక్కింటి ముసలమ్మ, నలభై ఏళ్ళుగా మామగారి పేరు మింగిన మనిషి, కళ్ళు తుడుచుకుంటోంది. ప్రార్థన జరుగుతున్న చోట ఉన్నట్టు ఉంది నాకు. లెక్క మర్చిపోయాను.

అప్పుడు మా ఆయన లేచాడు.

మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా, కొండ ఎక్కేముందు లేచినట్టు లేచాడు. తెల్ల టోపీ సర్దుకున్నాడు. తివాచీ పక్కనుంచి నడిచి కోడలికి కొంచెం ముందుగా, ఆమెకు అడ్డం రాకుండా నిలబడ్డాడు.

"రాయమ్మా," అన్నాడు రాసే అమ్మాయితో. "తెమిర్కుల్. సత్యబాల్ది కొడుకు."

ఆయన నోట వచ్చాయి కనకే ఆ పేర్లు ఇక్కడ రాస్తున్నాను. తన మీద దావాకు తన పేరు తానే ఇచ్చిన మనిషిని ఆ హాలు ఎప్పుడూ చూసి ఉండదు. కోడలు పలకలేని దాన్ని మామగారు తన నోటితో పలికి ఆమె చేతికిచ్చాడు. ఇన్నేళ్ళు ఒకే దుప్పటి కింద పడుకున్న మనిషిని నేను కొత్తగా చూస్తున్నాను. ఈయనలో ఇంత మాట ఉందని నాకు తెలియదు.

వదిన తలరుమాలు నుదుటి మీదికి లాక్కుంది.

కలం కదిలింది. రాసి, సరే, కూర్చోండి అంది అమ్మాయి. ఆయన కూర్చోలేదు.

"ఆ పేరు లైసెన్సులో ఉంది, నిజమే," అన్నాడు. "దుకాణంలో లేదు. ఆ తాళం ఎటు తిప్పితే తెరుచుకుంటుందో కూడా నాకు తెలియదు. నేను కొండ మీదుంటే దుకాణం నడిచింది, కింద ఉన్నా నడిచింది. నా పేరు ఒక్కటే రాస్తే అబద్ధమవుతుంది. దాని కింద ఇంకో పేరు రాయి."

నాకేసి చూడలేదు.

"బురుల్చా," అన్నాడు.

అది నా పేరు.

ఆయన నోట నా పేరు అంతవరకూ నేను వినలేదు. కోపం లేనప్పుడు మిర్లాన్ తల్లీ అంటాడు, కోపమొస్తే ముసలీ అంటాడు. కొత్తలో ఇదిగో అనేవాడు. పేరుతో పిలవడం మా తరంలో లేదు. ఆయన పేరు నేనెలా దాచానో నా పేరు ఆయనా అలాగే దాచాడు కాబోలు. దాచి, దాచి, చివరికి నా మీద దావాలో పెట్టాడు.

బెంచీ మీంచి లేచాను. కోపం అనుకున్నాను. కోపం కాదు.

రాసే అమ్మాయి పెద్దాయనకేసి చూసింది. ఆయన గడ్డం నిమురుకుంటూ నన్నే చూశాడు. ఆయనా ఒకప్పుడు గుర్రాల సంతలో బేరాలు చేసినవాడే. నేను లోపల ఏం లెక్క వేస్తున్నానో ఆయనకు కనబడుతోంది.

"బురుల్చా," అన్నాడు. ఒకే పూటలో ఇద్దరు మగవాళ్ళు నా పేరు పలికారు. "ఆ దుకాణంలో నువ్వెవరివి? యజమానివా, పనిచేసేదానివా?"

నవ్వి తప్పించుకోవచ్చనుకున్నాను. కుదరలేదు. యజమానిని అంటే దుకాణం నాది. పెళ్ళయిన నాటి నుంచి నేను వినాలనుకున్న మాట అది, పది మంది ముందు, కాగితం మీద. దాంతోపాటు ఆ నేల మీదున్న తివాచీ బాకీ కూడా నాదే. కాదు, దుకాణం ఆయనది అంటే బాకీ నాకు అంటదు. అప్పుడు ముప్పై ఏళ్ళ చలిలో ఆ దుకాణం ముందు నిలబడ్డ నేనెవరిని? నాకెవరు ఏమిచ్చారు? నా పెళ్ళికి నాకూ కమ్మలు పెట్టారు. అవి కానుకో జీతమో నేను అడగనే లేదు. అలా అయితే ఆ గుడారం ముందు వరసలో నేను బేగిమాయ్ ముందు కాదు, ఆమె వెనక నిలబడాలి.

రెండు వైపులా తిప్పి చూశాను. ఇంత చిన్న ప్రశ్నకు ఇంత పెద్ద ధరా అనిపించింది. నాలుక ఎండిపోయింది.

అది ఆమె ఎలా చూసిందో. తలెత్తని మనిషికి ఎదుటివాళ్ళ గొంతు ఎండడం ఎలా కనబడుతుందో. బేగిమాయ్ మూలకు వెళ్ళింది. సమోవారు కొళాయి తిప్పి, పియాలాలో టీ పట్టి, తివాచీ తొక్కకుండా చుట్టూ తిరిగి నా దగ్గరకొచ్చింది. హాలంతా చూస్తోంది.

"తాగండి, ఎనే," అంది.

పియాలాలోకి చూశాను. సగమే ఉంది.

కోడలి చేతి టీ అత్తగారు ఒక చేత్తో తీసుకుంటుంది. నా రెండు చేతులూ వాటంతటవే ముందుకెళ్ళాయి. పియాలా వేడిగా ఉంది. బల్ల దగ్గర రాసే అమ్మాయి నేనెవరినో రాయడానికి నా పేరు పక్కన కొంత చోటు ఖాళీగా వదిలి, కలం ఎత్తి పట్టుకుని, నా నోటికేసి చూస్తోంది.